లాంకషైర్ నూలు పరిశ్రమను పెంచింది యంత్రమా, చట్టమా?

నల్లరేగడి:

సభ్యులకు నమస్కారం. పారిశ్రామిక విప్లవం గురించి మా అమ్మాయికి పాఠం చెప్పవలసి వచ్చి పుస్తకం తెరిస్తే, నాలుగు పేర్లు వరుసగా కనిపించాయి: 1733లో జాన్ కే ఎగిరే నాడె, 1764 ప్రాంతంలో హార్‌గ్రీవ్స్ జెన్నీ, 1769లో ఆర్క్‌రైట్ నీటి చట్రం, 1779లో క్రాంప్టన్ మ్యూల్. మొదటిది నేతకు, మిగతా మూడూ నూలు వడకడానికి. ఆ తరువాతి వాక్యానికల్లా ఇంగ్లండులో లాంకషైర్ ప్రాంతపు మాంచెస్టర్ లోకానికంతా బట్ట కట్టబెట్టేసింది. నలుగురు తెలివైనవాళ్లు పుట్టారు కాబట్టి ఒక దేశానికి పరిశ్రమ పుట్టిందన్నట్టుగా ఉన్న ఈ కథనం నాకు మింగుడుపడలేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను, కాదనదలచినవారు కాదనవచ్చు. లాంకషైర్ పరిశ్రమకు నేల దున్నిపెట్టింది ఇంగ్లండు పార్లమెంటు. యంత్రం వచ్చి పడింది ఆ దున్నిన చాలులోనే.

17వ శతాబ్దం చివరినాటికి ఈస్టిండియా కంపెనీ ఓడలలో మచిలీపట్నం నుంచి, సూరత్ నుంచి, బెంగాల్ నుంచి వెళ్లిన చీటి గుడ్డలు లండన్‌లో దొరసానుల గౌన్లయ్యాయి, పడకగది తెరలయ్యాయి, చివరికి పనిమనుషుల ఒంటి మీదికి కూడా చేరాయి. ఉతికినా రంగు వెలవని, చవకగా దొరికే పలుచని బట్ట అది. ఉన్ని నేసేవారూ పట్టు నేసేవారూ గగ్గోలు పెట్టగా, రంగు అద్దిన భారతీయ, పారశీక, చైనా బట్టలను దేశంలో వాడకానికి దిగుమతి చేసుకోరాదని 1700లో చట్టం చేశారు. తెల్లబట్టను మాత్రం తెచ్చుకోనిచ్చారు కనుక లండన్ చుట్టుపక్కల అద్దకపు పని పుంజుకుంది. దానికీ ఓర్వలేక 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్లు వీధుల్లోకి వచ్చి, కాలికో (భారతీయ తరహా నూలుబట్ట) కట్టుకున్న ఆడవాళ్లను వెంటపడి తరిమి, బట్టలు చింపి, సిరా చల్లారు; కొన్నిచోట్ల ఆమ్లం కూడా పోశారు. 1721 చట్టం మరో మెట్టు పైకెక్కి, కొన్ని మినహాయింపులతో, అద్దకపు నూలుబట్టను ఒంటి మీద వేసుకోవడాన్నే నేరం చేసింది.

ఇప్పుడు మినహాయింపుల సంగతి చూడండి. అవిసెనార పడుగు, పత్తి పేకతో (నిలువు పోగులు అవిసెనారవి, అడ్డపోగులు పత్తివి) లాంకషైర్‌లో నేసే ఫస్టియన్ అనే బట్ట మీద అద్దకం వేసుకోవచ్చునని 1736లో పార్లమెంటు స్పష్టం చేసింది. 1774లో ఆర్క్‌రైట్ పెట్టుకున్న అర్జీ మీద, బ్రిటన్‌లోనే వడికిన నూలుతో నేసిన పూర్తి నూలుబట్టకు కూడా తలుపు తీసింది. అది స్వదేశీ సరుకేనని తెలియడానికి బట్ట అంచులో మూడు నీలి దారాలు పడుగులో పెట్టి నేయాలన్న నిబంధన కూడా పెట్టింది. బట్ట పుట్టుకను మూడు దారాలతో రుజువు చేయవలసి వచ్చిన పరిశ్రమ తన యంత్రాల బలం మీదనే పెరిగిందని అనడం నా వల్ల కాదు. 1721కీ 1774కీ మధ్య 53 ఏళ్లపాటు అద్దకపు బట్ట మీద ఇంగ్లిషు జనానికి ఉన్న మోజును మచిలీపట్నం తీర్చకుండా అడ్డుకుని, లాంకషైర్ తీర్చేలా చేశారు. ఇది యంత్రాల కథ కంటే ముందు నడిచిన కథ.

లెక్కలపంతులు:

నల్లరేగడి గారు తేదీలన్నీ సరిగానే ఇచ్చారు. ఆ తేదీల నుంచి తీసిన తీర్పు దగ్గరే నాకు పేచీ ఉంది. తలుపు మూసుకున్న ప్రతి ఇంట్లోనూ పరిశ్రమ పుట్టలేదు కదా. ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా అద్దకపు నూలుబట్టలను నిషేధించింది, అంటే ఇంగ్లండు కంటే ముందే మొదలుపెట్టి ఏడు దశాబ్దాలు పట్టుబట్టింది. అయినా మాంచెస్టర్ లాంటిది ఫ్రాన్సులో వెలయలేదు. 1780ల చివరినాటికి ఇంగ్లండులో సుమారు 20,000 జెన్నీలు ఉంటే ఫ్రాన్సులో 900 ఉన్నాయని చరిత్రకారుల అంచనా. ఆర్క్‌రైట్ తరహా మిల్లులు ఇంగ్లండులో 150 వరకూ లేవగా ఫ్రాన్సులో లేచినవి నాలుగు. చట్టమే విత్తనమైతే రెండు పొలాలలోనూ ఒకే పంట పండి ఉండవలసింది.

తేడా కూలి దగ్గర ఉందని నా వాదన. ఇంగ్లండులో మనిషి పని ఖరీదు, బొగ్గు చవక. యంత్రానికి పెట్టిన డబ్బు కూలి ఆదా రూపంలో తిరిగి రావాలి; కూలే తక్కువైన చోట ఆ యంత్రం కొన్నవాడు నష్టపోతాడు. ఫ్రాన్సు వడ్రంగికి జెన్నీ చేయడం రాకపోలేదు, అక్కడ దాన్ని కొనవలసిన అవసరం అంతగా లేకపోయింది.

లెక్క చూడండి. నూరు పౌన్ల పత్తిని నూలుగా మార్చడానికి మన దేశంలో రాట్నం మీద 50,000 గంటల మనిషి పని పట్టేదని ఒక ప్రసిద్ధమైన అంచనా ఉంది. క్రాంప్టన్ మ్యూల్ దాన్ని 2,000 గంటలకు దించింది. 1825లో రాబర్ట్స్ స్వయంచాలక మ్యూల్ వచ్చేసరికి అది 135 గంటలైంది. ధర కూడా ఈ వాలునే దిగింది: నూరో నంబరు సన్ననూలు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) 1786లో పౌను 38 షిల్లింగులు పలికితే, 1807లో 6 షిల్లింగుల 9 పెన్నీలకు దొరికింది. ఇరవై ఒక్క ఏళ్లలో దాదాపు ఆరో వంతుకు పడిపోయింది. బ్రిటన్ దిగుమతి చేసుకున్న దూది 1760 ప్రాంతంలో 25 లక్షల పౌన్లు, 1787లో 2 కోట్ల 20 లక్షలు, 1837లో 36 కోట్ల 60 లక్షలు. పార్లమెంటు ఎన్ని చట్టాలు చేసినా ధరను పెంచగలదే గాని ఈ విధంగా దించలేదు.

నల్లరేగడి:

పంతులుగారూ, ఫ్రాన్సు ఉదాహరణ గట్టిదే, దాని మీద ఆలోచించి మళ్లీ రాస్తాను. ఈలోగా నాకు ఒక సందేహం తీర్చండి. 1807కే అంత చవకగా వడకగలిగినవాళ్లు 1813లో భారతీయ కాలికో మీద 85 శాతం, మస్లిన్ అనే పలుచని సన్నబట్ట మీద 44 శాతం సుంకం ఎందుకు వేసుకున్నారు? గోదాలో గెలుస్తున్న వస్తాదు ఎదుటివాడి చేతులు కట్టెయ్యమని అడుగుతాడా? అదే కాలంలో వాళ్ల బట్ట బెంగాల్ రేవులో దిగడానికి చెల్లించింది రెండున్నర శాతం. 1814లో భారతదేశానికి వచ్చిన బ్రిటిష్ నూలుబట్ట సుమారు 8 లక్షల గజాలైతే 1835లో అది 5 కోట్ల 17 లక్షల గజాలు దాటింది. ఈ పెరుగుదలలో యంత్రం పాలెంతో, తూకంలో వేసిన రాయి పాలెంతో మీరు వేరు చేసి చెప్పగలరా?

లెక్కలపంతులు:

పూర్తిగా వేరు చేయలేను కాని, ఆ 85 శాతం మీరనుకున్నంత పని చేయలేదని చూపగలను. ఆ సుంకాలలో ఎక్కువ భాగం నెపోలియన్ యుద్ధాల ఖర్చు రాబట్టుకోవడానికి మెట్లు మెట్లుగా పెంచినవి. పైగా అవి బ్రిటన్‌లో వాడకానికి ఉంచుకున్న సరుకు మీద మాత్రమే పడేవి. లండన్‌లో దిగి మళ్లీ ఓడెక్కే భారతీయ బట్టకు ఆ భారం ఉండేది కాదు. అలా వెళ్లే బట్ట పశ్చిమ ఆఫ్రికాకు, అమెరికాలకు, ఐరోపా దేశాలకు పోయేది. ఆ మార్కెట్లలో బ్రిటిష్ సుంకం ఎవరికీ అడ్డు కాదు, అయినా 18వ శతాబ్దం చివరి నుంచి అక్కడ కూడా లాంకషైర్ బట్ట మన బట్టను వెనక్కి నెట్టింది. వస్తాదు పోలిక బాగానే ఉంది. చేతులు కట్టని గోదాలో కూడా మనవాడు పడిపోయాడన్నదే నేను చెప్పేది. బెంగాల్‌లో రెండున్నర శాతం అన్యాయం కాదని నేను అనను. అది వేరే ప్రశ్న.

గుంటమగ్గం:

మా ఇంట్లో మగ్గం ఆగి పద్దెనిమిదేళ్లయింది. అయినా ఈ చర్చ చదువుతుంటే ఇద్దరికీ చేతిలో దారం పెట్టి చూపించాలనిపించింది. చట్టం, కూలి అంటూ వాదిస్తున్నారు గాని, నల్లరేగడి గారు దాటిపోయిన ఒక మాటలోనే అసలు విషయం ఉంది: "అవిసెనార పడుగు, పత్తి పేక."

మగ్గం మీద పడుగు పోగు ఎంత బాధ పడుతుందో నేసినవాళ్లకు తెలుసు. బిగించి లాగి కట్టాలి, గంజి పెట్టాలి, అచ్చు ఎత్తినప్పుడల్లా ఒరుసుకోవాలి, పన్నె దెబ్బ ప్రతిసారీ తినాలి. పేక పోగుకు ఇవేమీ లేవు, నాడెలోంచి వచ్చి పడుకుంటుంది. అందుకే పడుగుకు గట్టి పురి కావాలి, పేక మెత్తగా ఉన్నా సరిపోతుంది. ఇంగ్లండులో చేత్తో వడికిన పత్తినూలు పడుగుకు ఆగేది కాదు, పుటుక్కున తెగేది. అందువల్లనే లాంకషైర్‌వాళ్లు ఐర్లండు నుంచి, జర్మన్ దేశాల నుంచి అవిసెనార నూలు తెప్పించుకుని పడుగు వేసుకున్నారు. మచిలీపట్నం తీరాన గానీ ఢాకాలో గానీ ఏ నేతగాడికీ ఆ అవస్థ లేదు. మన ఆడవాళ్లు వడికిన పత్తినూలే పడుగూ అయ్యేది, పేకా అయ్యేది.

పంతులుగారూ, ఇక్కడ మీ కూలి లెక్కకు ఒక చిక్కు వస్తుంది. జెన్నీ పని తగ్గించిన మాట నిజమే. ఒక్క మనిషి చక్రం తిప్పితే మొదట్లో 8 కదుళ్లు, తరువాత 16, ఆపైన 80, 120 కూడా తిరిగాయి. కాని జెన్నీ ఇచ్చిన నూలు మెత్తది, పేకకే పనికివచ్చింది. పడుగు సమస్యను తీర్చింది ఆర్క్‌రైట్ చట్రం. అందులో జతలు జతలుగా రోలర్లు ఉంటాయి. మొదటి జత నెమ్మదిగా, తరువాతి జత ఇంకొంచెం వేగంగా తిరుగుతుంది కనుక వాటి మధ్య ఏకు సాగి సన్నబడుతుంది, చివర ఫ్లయర్ అనే తిరిగే భాగం దానికి గట్టి పురి పెడుతుంది. మన వడికే ఆమె ఎడమచేతి వేళ్లు చేసే పనిని ఇనుము చేత చేయించాడన్నమాట. ఇందులోనూ మొదటివాడు ఆర్క్‌రైట్ కాడు. పాల్, వయాట్ అనే ఇద్దరు కలిసి చేసిన రోలర్లకు 1738లోనే పాల్ పేరుతో పేటెంటు వచ్చింది గాని వాళ్లు నిలదొక్కుకోలేకపోయారు. ఆర్క్‌రైట్‌కు సాయపడిన వారింగ్టన్ గడియారాలవాడి పేరు కూడా జాన్ కేనే. ఎగిరే నాడె జాన్ కే వేరు, ఈయన వేరు. పరీక్షల్లో పిల్లలు కలిపేస్తుంటారు. 1785లో ఆర్క్‌రైట్ పేటెంటును కోర్టు కొట్టేసింది, ఆ తరువాత ఎవరు పడితే వాళ్లు మిల్లు కట్టారు.

ఆర్క్‌రైట్ మిల్లు 1771లో క్రామ్‌ఫర్డ్‌లో మొదలైంది, మూడేళ్లకే చట్టం మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. ఎందుకు? పూర్తి పత్తిబట్టను, అంటే మన బట్ట లాంటి బట్టను, ఇంగ్లండులో నేయడం అప్పుడే కుదిరింది కనుక. క్రాంప్టన్ మ్యూల్ జెన్నీనీ రోలర్లనూ కలిపి సన్ననూలును కూడా గట్టిగా తీసింది, వెంటనే బోల్టన్ చుట్టుపక్కల మస్లిన్ నేయడం మొదలుపెట్టారు. ప్రతి మెట్టులోనూ వాళ్ల కళ్ల ఎదుట ఉన్న నమూనా భారతీయ బట్ట. వాళ్లు వెతికింది పని తగ్గించే ఉపాయం ఒక్కటే అయితే ఇంగ్లండులో అన్నిటికంటే పెద్దదైన ఉన్ని పరిశ్రమలో ముందు వెతికి ఉండేవాళ్లు. చేతి నైపుణ్యం తమ దగ్గర లేనందువల్ల దాన్ని యంత్రం చేత చేయించవలసి వచ్చింది.

ఆ నైపుణ్యం ఎలాంటిదో చూడాలనుకునేవాళ్లు శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్లండి. నేను రెండుసార్లు వెళ్లాను. వాలుగ చేప దవడ ఎముకకు ఉన్న సన్నని పళ్లతో పత్తిని దువ్వుతారు, ఆ తరువాత గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, నూరో నంబరు దాకా రాట్నం మీద వడుకుతారు. నేను ఒక పెద్దావిడ పక్కన గంటసేపు కూర్చుంటే ఒక్కసారి తెగింది పోగు, అదీ నేను మాట్లాడించినందుకు.

ఇంకొక్క మాట. నరసాపురాన్ని ఆనుకుని ఉన్న మాధవాయిపాలెంలో కంపెనీకి ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి తెల్లబట్టను ఇంగ్లిషువాళ్లు 'మడపోలం' అన్నారు. తరువాతి కాలంలో లాంకషైర్ మిల్లులు తాము నేసిన బట్టను ఆ పేరుతోనే అమ్ముకున్నాయి, ఈనాటికీ ఐరోపా బట్టల దుకాణాల్లో ఆ పేరు వినిపిస్తుంది. ఊరి పేరు కూడా యంత్రం మీద నేసుకున్నారు.

లెక్కలపంతులు:

గుంటమగ్గం గారి పడుగు పాఠానికి కృతజ్ఞతలు. నేను ఇన్నేళ్లుగా జెన్నీనీ నీటి చట్రాన్నీ ఒకే గంపలో వేసి లెక్క కడుతున్నాను, అది సరికాదని ఒప్పుకుంటున్నాను. ఉన్ని గురించి మాత్రం ఒక సవరణ: పత్తిపోగు ఒకే తీరుగా ఉండి రోలర్ల మధ్య సాగడానికి లొంగుతుంది, ఉన్ని అంత తేలిగ్గా లొంగదు. యంత్రం ముందుగా పత్తిని పట్టుకోవడానికి అదొక ముఖ్య కారణం. ఇక బొగ్గు గురించి నాకు నేనే ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. క్రామ్‌ఫర్డ్ మిల్లు నీటితో నడిచింది. నూలుమిల్లుకు జేమ్స్ వాట్ ఆవిరియంత్రం మొదటిసారి అమరింది 1785లో, పేపుల్‌విక్‌లో. అందుచేత తొలి పదిహేనేళ్ల పెరుగుదలకు చవక బొగ్గు కారణమని నేను అన్నది నిలవదు. ఆవిరి పైచేయి అయింది ఆ తరువాతి తరంలో.

సముద్రపుదారి:

ఇంత దూరం వచ్చినా దూది ఎక్కడిదని ఎవరూ అడగకపోవడం నాకు వింతగా ఉంది. లాంకషైర్‌లో పత్తి చెట్టు మొలవదు. పంతులుగారు 36 కోట్ల పౌన్లని రాశారు. అందులో ప్రతి పౌనునూ ఎవరో వంగి ఏరారు.

మొదట్లో ఆ దూది తూర్పు మధ్యధరా రేవుల నుంచి, ఎక్కువగా వెస్టిండీస్ దీవుల నుంచి, తరువాత బ్రెజిల్ నుంచి వచ్చింది. దీవులలోనూ బ్రెజిల్‌లోనూ దాన్ని పండించింది బానిసలు. 1793లో అమెరికాలో విట్నీ అనే ఆయన పత్తి నుంచి గింజ తీసే యంత్రం తేవడంతో అమెరికా దక్షిణ రాష్ట్రాల దారి తెరుచుకుంది. అక్కడి మెట్టనేలల్లో పండే పొట్టిపోగు పత్తిలో దూది గింజను విడవదు, చేత్తో వలిస్తే రోజంతా కూర్చున్నా ఒక పౌను రావడం కష్టం. ఆ అడ్డు తొలగాక ఏం జరిగిందో జనాభా లెక్కలే చెబుతాయి: అమెరికాలో బానిసలు 1790లో సుమారు 7 లక్షలు, 1860లో దాదాపు 40 లక్షలు. ఆ 1860లోనే బ్రిటన్ కొన్న దూదిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ రాష్ట్రాల నుంచి వచ్చింది.

మాంచెస్టర్ దగ్గర స్టయల్‌లో శామ్యూల్ గ్రెగ్ 1784లో కట్టిన క్వారీ బ్యాంక్ మిల్లు ఇప్పటికీ ఉంది, మ్యూజియంగా చూపిస్తున్నారు. గ్రెగ్‌కు డొమినికా దీవిలో బానిసలతో నడిచే తోట ఉండేది. అదే మిల్లులో అనాథాశ్రమాల నుంచి తెచ్చిన పిల్లలు 'అప్రెంటిసు'ల పేరుతో పనిచేసి, మిల్లు పక్కన కట్టిన ఇంట్లోనే నిద్రపోయేవారు. కూలి ఖరీదైన దేశం కనుక యంత్రం వచ్చిందన్న వాదన ఈ మిల్లు గుమ్మం ముందు నిలబడి చెప్పడం కష్టం. ఒక కొసన కూలి లేని మనిషి, రెండో కొసన తిండీ పడకా ఇస్తే చాలనుకున్న పిల్లవాడు, మధ్యలో రోలర్లు.

నల్లరేగడి గారి చట్టం, పంతులుగారి కూలి, గుంటమగ్గం గారి పడుగు, ఈ మూడూ 1790 దాకా పరిశ్రమ ఎలా మొదలైందో చెబుతాయి. అది పెరగడానికి అంతులేని దూది కావాలి. ఐరోపాలో ఇంత భూమి లేదు, ఉన్నా అది పత్తి భూమి కాదు.

లెక్కలపంతులు:

సముద్రపుదారి గారూ, అమెరికా దూది లేకపోతే పరిశ్రమ ఇంత వేగంగా పెరిగేది కాదన్నంతవరకూ మీతో ఏకీభవిస్తాను. పుట్టేదే కాదనడానికి మాత్రం ఒప్పుకోను. 1787 నాటి 2 కోట్ల 20 లక్షల పౌన్లలో అమెరికా వాటా లెక్కకు కూడా రాదు. విట్నీ యంత్రం అప్పటికి ఆరేళ్ల దూరంలో ఉంది. మాంచెస్టర్ గిరాకీ దక్షిణ రాష్ట్రాల తోటలను పెంచిందని నేనంటాను, మీరు తిరగేసి చదువుతున్నారు.

సముద్రపుదారి:

గిరాకీ పెంచిందన్నా నా మాటకేం ఢోకా లేదు. 1861లో అంతర్యుద్ధం వచ్చి అమెరికా దూది ఆగిపోయినప్పుడు లాంకషైర్‌లో మిల్లులు మూతపడి లక్షల మంది పస్తులున్నారు. డెబ్భై ఏళ్లు గడిచినా ఆ పరిశ్రమ బానిసల చేతి దూది లేకుండా నిలబడలేకపోయింది. ఆ నాలుగేళ్లు మన కాకినాడ రేవుకు దశ తిరిగింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తి అక్కడ ఓడలకెక్కి, 'కోకనాడా' పత్తి అన్న పేరు వ్యాపారంలో నిలిచిపోయింది.

నల్లరేగడి:

ఫ్రాన్సు గురించి ఆలోచించి రాస్తానన్నాను. పంతులుగారి మాటలో సగం ఒప్పుకోవలసి వస్తోంది. నిషేధం ఒక్కటే సరిపోదు. ఫ్రాన్సు నిషేధం ఇంగ్లండు నిషేధం లాంటిది కాదన్నది మిగతా సగం. ఫ్రాన్సు తన దేశంలో అద్దకపు పనిని కూడా నిషేధించింది, అంటే పోటీని అడ్డుకోవడంతో పాటు తన వాళ్లు ఆ పని నేర్చుకోవడాన్ని కూడా ఆపుకుంది. ఇంగ్లండు 1700లో తెల్లబట్టకు దారి వదిలి అద్దకం నేర్చుకుంది, 1736లో ఫస్టియన్‌కు దారి వదిలి పత్తి పేకకు గిరాకీ నిలబెట్టుకుంది. చట్టం గోడ కట్టిన చోటే సందులు కూడా పెట్టింది, ఆ సందులన్నీ లాంకషైర్ వైపే తెరిచి ఉన్నాయి.

గుంటమగ్గం గారు చెప్పినది దీనికి సరిగ్గా అతుకుతుంది. భారతీయ బట్టలాంటిది కావాలని జనం అడుగుతున్నారు, అసలు బట్ట రావడానికి వీల్లేదు, అక్కడి చేతినూలు పడుగుకు ఆగదు. అటువంటి ఇరుకులో పడ్డ ఊళ్లో రోలర్ల కోసం ఎవరో ఒకరు బుర్ర బద్దలుకొట్టుకోవడం సహజం. చట్టం లేకపోతే ఆ ఇరుకు లేదు. కాబట్టి నా మొదటి మాటను ఇంతవరకు సవరించుకుంటాను: పార్లమెంటు నేల దున్నింది, ఏ గింజ వేయాలో మాత్రం దానికి తెలియదు.

పాతకాగితం:

పెద్దలంతా లాంకషైర్‌లోనే తిరుగుతున్నారు. మన వైపు జరిగింది ఒక్క వాక్యంలో గవర్నర్ జనరల్ బెంటింకే చెప్పాడు కదా, నేతగాళ్ల ఎముకలతో భారతదేశపు మైదానాలు తెల్లబడుతున్నాయని. దాని తరువాత చర్చించడానికి ఏముంది?

లెక్కలపంతులు:

ఆ వాక్యం నేనూ పిల్లలకు చెప్పినవాణ్ణే. ఎన్నో పుస్తకాలలో బెంటింక్ పేరుతో తిరుగుతోంది గాని, వెతికిన చరిత్రకారులకు ఆయన కాగితాలలో అది దొరకలేదు. దుర్భరమైన కాలం అనడానికి వేరే సాక్ష్యాలు బోలెడున్నాయి, దీని మీద ఆధారపడకపోవడం మంచిది.

గుంటమగ్గం:

సాక్ష్యం సంగతి అలా ఉంచితే, ఆ వాక్యంలో మనిషిని తప్పుగా పట్టుకున్నారు. ఎముకలైనది నేతగాడే అయితే మంగళగిరిలో, పోచంపల్లిలో, వెంకటగిరిలో, గద్వాలలో ఈనాటిదాకా మగ్గాలు ఆడించినవాళ్లెవరు? నేత దెబ్బతిన్నది, ఎగుమతి పోయింది, ఎందరో పొలం పనుల్లోకి, వలసల్లోకి వెళ్లారు. అయినా మిల్లునూలు చవకగా వస్తుంటే దాన్నే పడుగు పేకలుగా వేసుకుని నేతగాడు బతికాడు. ఊరూరా పూర్తిగా ఆరిపోయింది వడికే ఆడవాళ్ల రాట్నం. ఒక మగ్గానికి నూలు అందించాలంటే నలుగురైదుగురు, సన్నబట్టకైతే ఇంకా ఎక్కువమంది వడకాలి. సంఖ్యలో వాళ్లే ఎక్కువ. వాళ్లకు కులసంఘం లేదు, అర్జీ రాసేవాడు లేడు, విధవరాళ్లూ ముసలివాళ్లూ ఇంటిపట్టున కూర్చుని తీసుకునే నాలుగు డబ్బులవి. పోయినా ఎవరి దస్తరంలోకీ ఎక్కలేదు.

లాంకషైర్‌లోనూ మొదట పడింది వాళ్లే. 1779లో అక్కడి జనం తిరగబడి చోర్లీ దగ్గరి ఆర్క్‌రైట్ మిల్లును తగలబెట్టారు. ఇళ్లలో జెన్నీలను కూడా విరగ్గొట్టారు గాని, 24 కదుళ్లకు మించని వాటిని వదిలేశారు. ఇంట్లో ఆడవాళ్లు తిప్పుకోగలిగినది ఉండనిచ్చి, మిల్లుకు పోయేదాన్ని విరిచారు. ఎక్కడ గీత గీయాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు. నేతగాళ్ల వంతు ఒక తరం ఆలస్యంగా వచ్చింది, ఎందుకంటే మిల్లునూలు పోటెత్తిన తొలి రోజుల్లో వాళ్లకు చేతినిండా పని దొరికింది. మరమగ్గాలు 1813లో 2,400 ఉంటే 1829లో 55,500, 1833లో లక్ష. బోల్టన్‌లో చేతిమగ్గం నేసేవాడి వారం సంపాదన 1795లో 33 షిల్లింగులు, 1830ల మొదట్లో అయిదున్నర. వాళ్ల కథా మన కథా ఒకటేనని నేననను, వాళ్ల పార్లమెంటు వాళ్ల ఊళ్లోనే ఉంది. కాని నూలు చవకైనప్పుడు ముందు ఎవరి చెయ్యి ఆగిందన్న వరుస రెండు చోట్లా ఒకటే.

ఒకప్పుడు మా వాళ్లు బట్టను పుంజాలలో, అంటే పడుగు పోగుల కట్టలలో, లెక్కపెట్టేవాళ్లు. అదే వెడల్పులో ఎన్ని ఎక్కువ పుంజాలు పడితే అంత సన్నబట్ట. ఆ లెక్క మా తాతతోనే పోయింది. మేము నూలు కొన్నన్నాళ్లూ ఎనభయ్యో నంబరు, నూరో నంబరు అనే అడిగాం. 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఒక పౌనుకు ఎన్ని తూగితే అది ఆ నంబరు. లాంకషైర్ కొలత అది. గజాలూ పౌన్లూ దేశంలో ఎప్పుడో రద్దయ్యాయి, సొసైటీలో నూలు కట్ట మీద నంబరు మాత్రం అలాగే ఉంది.

లెక్కలపంతులు:

నంబరు మాట వచ్చింది కాబట్టి పైన నేను రాసినదానికి ఒక దిద్దుబాటు చేసుకోవాలి. నూరు పౌన్లకు 50,000 గంటలన్న అంచనా ఎనభయ్యో నంబరు దరిదాపుల సన్ననూలుకు సంబంధించినది. ముతకనూలుకు అంత కాలం పట్టదు, యంత్రానికి దాని మీద అంత లాభమూ ఉండదు. అంటే లాంకషైర్ నూలు ముందుగా దెబ్బ కొట్టింది సన్నబట్ట మీద. ముతక పంచెలూ దుప్పట్లూ నేసే ఊళ్లలో రాట్నం ఇంకా చాలాకాలం తిరిగి ఉండాలి. నల్లరేగడి గారూ, మీ అమ్మాయి పాఠంలో ఈ తేడా ఉందేమో చూసి చెప్పండి.

నల్లరేగడి:

ఇప్పుడే చూశాను, లేదు. బెంటింక్ వాక్యం మాత్రం ఉంది.